అక్క రాసింది, చెల్లెలు దిద్దింది

లెక్కల మాస్టారు ఫోను పెట్టేశాక అక్క చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది, గుర్తుంది కదా? మనం ఇంకా ఆ మధ్యాహ్నం దగ్గరే ఉన్నాం. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకుని మేడెక్కుదాం.

నాన్న పోయాక రిపేరు షాపు అక్క చేతికొచ్చింది. మిక్సీ, ఇస్త్రీపెట్టె, ఫ్యాను, గీజరు, ఏది తెచ్చినా మూత తీసి, లోపల ఏం పోయిందో చూసి, బాగుచేసి పంపడం ఆమె పని. చూసినదాన్ని చూసినట్టు మొహం మీదే చెప్పడం ఆమె గుణం. ఆ గుణం చూసే చెల్లెలు ఒకరోజు, "ఇవన్నీ షాపుకొచ్చినవాళ్ళకే చెప్తే ఎలా అక్కా? నువ్వు రాయి, నేను బ్లాగు కట్టిపెడతా," అంది. అలా పుట్టింది 'మూత తీస్తే'. అక్క రాసేది. చెల్లెలు సైటు తయారుచేసి, అద్దె సర్వరులో పెట్టి, పడిపోకుండా చూసుకునేది. చదివేవాళ్ళు పెరిగారు. అక్క అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది, అందరికీ ఆమె 'మూతక్క' అయిపోయింది. కొత్త వస్తువు కొనేముందు "మూతక్క ఏమందో చూశావా?" అనుకోవడం చాలా ఇళ్ళలో మామూలైంది.

ఇప్పుడు ఒక ఇంట్లో గీజరు పేలి ఒక పెద్దాయనకి వీపంతా కాలింది. "మూతక్క బాగుందనే కదా చెప్పింది!" అని జనం దుమ్మెత్తి పోస్తున్నారు. మూతక్కేమో ఆ గీజరు ముట్టుకోవద్దని గొంతు చించుకుని రాసిన మనిషి.

ఇక్కడే లెక్కల మాస్టారు కథలోకి వచ్చాడు. రిటైరైన ఆ పెద్దమనిషి సైటుకి వెళ్ళి చదవడు, ఫీడు తెప్పించుకుని చదువుతాడు. ఫీడంటే మరేం లేదు, పేపరు ఇంటికి వేయించుకున్నట్టే. అక్క బ్లాగులో కొత్త రాత, అంటే టపా, పెట్టగానే దాని కాపీ ఒకటి మాస్టారి కంప్యూటర్లో వచ్చి పడుతుంది. ఆయన దేన్నీ పారేయని మనిషి కాబట్టి అక్కడే ఉండిపోతుంది. ఆ కాపీలో 'ఈ గీజరు మీ ఇంట్లో ఉంటే ఈ రోజే ఆపేయండి. సేఫ్టీ వాల్వు పట్టేస్తోంది' అని ఉంది. సైటు మీద అదే టపా, అదే తేదీ, అదే ఫొటో. మాట మాత్రం 'ఈ గీజరు వాడేవాళ్ళు సేఫ్టీ వాల్వును అప్పుడప్పుడు చూసుకుంటూ ఉంటే మంచిది' అని ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి మాస్టారు పంపిన బొమ్మ అక్క ఫోనులో ఉంది.

అక్క షట్టరు సగం దించి మేడ మీదికి బయల్దేరింది. మెట్లెక్కుతూ ఒకటే కోరుకుంది. ఎవడో పరాయివాడు, ఊరూ పేరూ లేని దొంగ, సైటులోకి దూరి ఉండాలి. దొంగైతే చెల్లెలితో కలిసి కూర్చుని వాణ్ణి తిట్టిపోయొచ్చు. సైటు లోపలికి వెళ్ళే పాస్‌వర్డు తెలిసినవాళ్ళు ప్రపంచంలో ఇద్దరే ఉన్నారన్న సంగతి ఆమె కావాలనే పక్కన పెట్టింది.

మేడ మీది గదిలో చెల్లెలు రెండు స్క్రీన్ల ముందు కూర్చుని ఉంది. ఎండ తెర మీద పడకుండా కిటికీకి దుప్పటి కట్టి, బట్టల క్లిప్పులు పెట్టింది. ఆమె బల్ల ఒకప్పటి నాన్న బల్లే. టంకం వేసే కడ్డీ కాల్చిన మచ్చలు దాని నిండా ఉన్నాయి.

"ఏంటక్కా, షాపు వదిలేసి వచ్చావు? కింద కరెంటు పోయిందా?"

"కరెంటు ఉంది. ఇది చూడు."

చెల్లెలు ఫోను అందుకుంది. అలాంటి బొమ్మ ఎవరి చేతికొచ్చినా పెద్దది చేసుకుని, కళ్ళు చిట్లించి రెండు పక్కలా చదువుతారు. చెల్లెలు చదవలేదు. తెలిసిన మొహాన్ని చూసినట్టు ఒకసారి చూసి తిరిగిచ్చేసింది. అక్కకి అప్పుడే తెలిసిపోయింది, కానీ తెలిసినట్టు ఒప్పుకోలేదు.

"ఓ, ఇదా! కాషే అక్కా ఇది."

"అంటే?"

"ఎవరైనా పేజీ అడిగిన ప్రతిసారీ డేటాబేసు దాకా పోయి తెస్తే ఆలస్యమవుతుంది కదా. అందుకని తయారైన పేజీని ఒక కాపీ పక్కన పెట్టుకుని, అదే చూపిస్తూ ఉంటుంది. ఒక్కోసారి పాత కాపీ తుడుచుకుపోదు. నువ్వు మొదట రాసిన చిత్తుప్రతి అలా ఇరుక్కుపోయి ఉంటుంది. ఒక్క నొక్కు నొక్కితే పోతుంది."

"నేను చిత్తుప్రతులు రాయను కదే."

అది నిజం. అక్క ఒక్కసారే రాస్తుంది, అచ్చుతప్పులతో సహా. బటన్ నొక్కాక మళ్ళీ ఆ టపా మొహం చూడదు. బాగుచేసి పంపిన ఫ్యానును వాళ్ళింటికి వెళ్ళి చూసి వస్తామా ఏమిటి అంటుంది. ఇన్నాళ్ళూ ఆమె కంటికి ఏమీ కనబడకపోవడానికి కారణం ఆ ఒక్క అలవాటే. ఆ అలవాటు గురించి బాగా తెలిసినది చెల్లెలికే.

అక్కకి కోడింగు రాదు. ఆ తెర చూస్తే ఆమెకి చీమలబారు చూసినట్టే ఉంటుంది. అయితే ఎక్కడ పోయిందో వెతకడం వచ్చు. స్టూలు లాక్కుని కూర్చుంది.

"సరే, కాషే అనుకుందాం. అది ఏ టపాకైనా పట్టొచ్చు కదా?"

"పట్టొచ్చు. దానికి పాతా కొత్తా ఏముంది?"

"మరి మాస్టారు తన దగ్గరున్నవన్నీ సైటుతో పోల్చి చూశాడట. ఆయన సంగతి తెలుసుగా, మొదలుపెడితే వదలడు. కొత్త టపాలు పదింటిలో ఒక్క అక్షరం తేడా లేదంట. పది దాటి వెనక్కెళ్తేనే తేడాలు మొదలవుతున్నాయంట. గీజరు ఒక్కటే కాదు, ఇస్త్రీపెట్టె, చిన్న హీటరు, ఆ పచ్చరంగు మిక్సీ. అన్నిట్లోనూ 'వద్దు' అన్నచోట 'జాగ్రత్త' అని ఉందట. ఎందుకే అలా?"

"ఏమో అక్కా, సర్వరు వైపు చూడాలి..."

"ఫీడులో ఎప్పుడూ పది టపాలే ఉంటాయని నువ్వే చెప్పావు. కొత్తది రాగానే పాతది చివర్నుంచి జారిపోతుందన్నావు. లోపలుండగా ఏమన్నా మారిస్తే ఆ మార్పు కూడా చదివేవాళ్ళకి చేరిపోతుంది, కాబట్టి పెట్టేముందే చూసుకోవే అని నాకే క్లాసు పీకావు. అంటే జారిపోయాక మారిస్తే ఎవరికీ కబురు అందదు. అంతేనా?"

చెల్లెలు కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది.

"పాడైన వస్తువుకి లెక్కలు రావే. పది దాటేదాకా కాచుకుని కూర్చుని అప్పుడు పాడవడం దేనికీ చేతకాదు. మనిషికే చేతనవుతుంది." అక్క స్టూలు ఇంకాస్త ముందుకు జరిపింది. "టపా కింద 'చివరిసారి మార్చిన తేదీ' అని ఒక వరుస ఉండేది. అదేమైంది?"

"పేజీల టెంప్లేటు మార్చినప్పుడు తీసేశాను. చెప్పాను కదా నీకు."

"అందంగా లేదని చెప్పావు."

పైన ఫ్యాను తిరుగుతోంది. చెల్లెలు కీబోర్డు మీది దుమ్ము వేలితో తుడిచింది. తలెత్తకుండానే అంది.

"నేనే మార్చాను."

ఏ మాట వినకూడదని కోరుకుంటూ అక్క మేడెక్కిందో ఆ మాటే వచ్చింది. తీరా వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. చెంప మీద కొట్టినా ఇంత మండేది కాదు.

"ఎందుకు?"

"నోటీసు వచ్చింది. సైటు అడ్రసు నా పేరు మీద రిజిస్టరు చేశాం కదా, నా మెయిలుకే వచ్చింది. గీజరు కంపెనీ లాయరు. ఆ మాటలు తీసేయకపోతే సర్వరు అద్దెకిచ్చినవాళ్ళకి చెప్పి సైటు మొత్తం మూయించేస్తామన్నాడు. మొత్తం అక్కా! ఇన్నేళ్ళ రాతలు. ఒక్క వాక్యం కోసం అంతా పోగొట్టుకుంటామా? ఒక్కటి మెత్తబరిస్తే మిగతావన్నీ బతుకుతాయి కదా అనుకున్నా."

"ఒక్కటితో ఆగిందా?"

"మనం ఒకరి మాట విన్నామని తెలిసి మిగతా కంపెనీలవాళ్ళూ రాశారు."

"పది దాటేదాకా ఆ లాయరు ఊరుకున్నాడా?"

చెల్లెలు మొహం ఎర్రబడింది. "గడువడిగాను. మా అక్కకి నచ్చజెప్పుకోవాలి, కొన్ని వారాలు టైమివ్వండి అని రాశాను."

"నచ్చజెప్పావా నాకు? ఎప్పుడే? నేను నిద్రలో ఉన్నప్పుడా?"

"చెప్తే ఒప్పుకోవు కదా నువ్వు!"

"ఒప్పుకోను కాబట్టే చెప్పాలి!" అక్క లేచి నిలబడింది. స్టూలు వెనక్కి పడింది. "ఒప్పుకునే మనిషికి చెప్పకపోయినా ఫరవాలేదే. నా మాట నా పేరు మీద ఉంది. దాన్ని నువ్వు గుటుక్కున మింగేసి, నీ మాట తెచ్చి నా నోట్లో పెట్టావు. ఇంతకాలం నేను పొద్దున్నే షట్టరు తీసి, వచ్చినవాళ్ళందరి ముందూ మూతక్కనని మురిసిపోతూ కూర్చున్నాను. నువ్వు ఇక్కడ పైన కూర్చుని నన్ను మారుస్తున్నావు."

"నీ పేరు, నీ పేరు!" చెల్లెలు కూడా లేచింది. ఇన్నాళ్ళూ దాచుకున్నది అప్పుడు బయటపడింది. "ఆ బ్లాగు నీ ఒక్కదానిదేనా? సైటు పడిపోతే నిద్ర మానుకుని లేపింది ఎవరు? చెత్త కామెంట్లు ఏరి పారేసింది ఎవరు? అందరికీ మూతక్క కావాలి. ఆ మూతక్కని రోజూ తెర మీద నిలబెట్టేది ఎవరని ఒక్కడైనా అడిగాడా? నోటీసు నా పేరు మీద వచ్చింది అక్కా, నీ పేరు మీద కాదు. భయమేసింది నాకు!"

ఇందులో అబద్ధం లేదు, అక్కకి ఆ సంగతి తెలుసు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. భయమేస్తే చిన్నప్పుడు తన దుప్పట్లోకి దూరేది ఈ పిల్ల. ఇప్పుడు భయమేసి లాయరు దగ్గరికి దూరింది. నా కన్నా వాడు దగ్గరివాడయ్యాడా అన్న ఆలోచన రాగానే అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భుజంతో తుడుచుకుంది, చేతులు గ్రీజుగా ఉన్నాయి కాబట్టి.

"సరే. ఇప్పుడు అన్నీ మొదట ఎలా ఉండేవో అలా పెట్టు. పాత ప్రతులన్నీ సైటు దాచుకుంటుందిగా."

"దాచుకుంటుంది." చెల్లెలు మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "నేను తీసేశాను. ఎప్పుడైనా నీ కంట పడితే..."

అంటే అక్క రాసిన మాటలు అక్క సైటులోనే లేవు. ఎక్కడో ఒక రిటైరైన మాస్టారి కంప్యూటర్లో మాత్రం భద్రంగా ఉన్నాయి. ఎన్నడూ మొహం చూడని మనిషి తన మాట కాపాడాడు, ఒకే ఇంట్లో పెరిగిన మనిషి చెరిపేసింది. అక్కకి నవ్వొచ్చింది, ఏడుపు కన్నా అధ్వాన్నమైన నవ్వు.

నవ్వు ఆగాక ఆమెకి ఇంకో సంగతి తట్టింది. గీజరు ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు ఊరికే చదివి ఊరుకోరు. అడుగుతారు.

"ఆ టపా కింద కామెంట్లు ఎవరు చూశారు? నాకొక్కటీ రాలేదే."

"ఏం లేవు అక్కా. వచ్చిన రెండు మూడూ మామూలువే."

"చూపించు."

"ఇప్పుడెందుకు..."

"చూపించవే!"

చెల్లెలు టపా కింద పేజీ తెరిచింది. నిజంగానే అక్కడ ఆ రెండు మూడు మామూలువే ఉన్నాయి. అక్క అక్కడితో ఆగలేదు. షాపులో కూడా చెత్తబుట్ట వెతకందే పోయిన స్ప్రింగు దొరకదు. సైటు లోపలి వైపు, యజమానులకి మాత్రమే కనబడే పేజీలో, తీసేసిన కామెంట్లు పడే చెత్తబుట్ట ఒకటుంది. అందులోకి వెళ్ళమంది. చెల్లెలి చెయ్యి మౌసు మీద కదల్లేదు. అక్క ఆ చేతిని పక్కకి జరిపి తనే నొక్కింది.

అక్కడ ఒక ప్రశ్న, దాని కింద ఒక జవాబు ఉన్నాయి.

'మూతక్కా, మా ఇంట్లో ఉన్నది ఇదే గీజరు. కింద నుంచి బొట్లు బొట్లుగా కారుతోంది. ఒక్కోసారి లోపల గుర్రుమంటోంది. పొద్దున్నే మొదట స్నానానికి వెళ్ళేది మా మావయ్య, పెద్దవారు. వాడొచ్చా, ఆపేయాలా?'

'కంగారేం లేదు తల్లీ. బొట్లు కారుతున్నాయంటే వాల్వు పనిచేస్తున్నట్టే. నిశ్చింతగా వాడుకోండి. మీ మూతక్క.'

అక్క ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. ఆ 'తల్లీ' తనది. షాపుకొచ్చే ఆడవాళ్ళందరినీ అలాగే పిలుస్తుంది. చెల్లెలు దాన్ని కూడా వదల్లేదు.

"ఆ పేలిన ఇల్లు ఇదేనా?"

చెల్లెలు ఏడుస్తోంది. "నాకు తెలియదు అక్కా, ఒట్టు. జవాబివ్వకుండా వదిలేస్తే ఇంకా నలుగురు పోగవుతారని భయపడ్డా. ఊరికే రాయలేదు. అడిగే రాశాను. కంపెనీ ఇంజనీరుకి ఫోను చేశా. బొట్లు కారడం మామూలేనన్నాడు."

"గుర్రుమంటోందని చెప్పావా వాడికి?"

"అది... అది మర్చిపోయా."

"కింద నేనున్నాను కదే," అంది అక్క. అరవలేదు, ఆ ఓపిక అయిపోయింది. "మెట్లు దిగితే నేనున్నాను. గుర్రుమంటే వెంటనే స్విచ్చాపి బయటికి రమ్మని చెప్పేదాన్ని. నన్నడగలేదు. ఆ గీజరు అమ్ముకునేవాణ్ణి అడిగావు. అడిగి, నా పేరు పెట్టి చెప్పావు."

చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకోబోయింది. అక్క విదిలించుకుంది. పేలుడు సంగతి తెలిశాక ఆ ప్రశ్నా జవాబూ చెత్తబుట్టలోకి ఎవరు తోశారో ఇక అడగక్కర్లేదు.

"ఎవరండీ లోపల?"

కింద నుంచి ఎవరో ఆడమనిషి గొంతు, వెంటనే షట్టరు చప్పుడు. అక్క మొహం తుడుచుకుని మెట్లు దిగింది.

సగం దించిన షట్టరు కింద నుంచి ఒకావిడ వంగి లోపలికొచ్చింది. ముప్పై దాటి ఉండవచ్చు. చంకలో మడతపెట్టిన దుప్పటి, చేతిలో ఫ్లాస్కు ఉన్నాయి. ఆసుపత్రి నుంచి వస్తోందని చెప్పకుండానే తెలుస్తోంది.

"మూతక్కంటే మీరేనా అమ్మా?"

"నేనే. కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. "గీజరు పేలింది మా ఇంట్లోనే. మిమ్మల్ని తిట్టడానికి రాలేదమ్మా, తిట్టే ఓపిక కూడా లేదు నాకు. ఒక్కమాట అడిగి పోతాను. గుర్రుమంటోంది, ఆపేద్దామమ్మా అని మా మావయ్యగారే అన్నారు. మీ జవాబు చదివి వినిపించి, ఏం కాదు వెళ్ళండి అని పంపింది నేను. ఇంట్లో ఎవరూ నా మొహం చూడట్లేదు. తప్పు చదివుంటావంటున్నారు. అసలు ఎవర్నీ అడగలేదంటున్నారు. చూపిద్దామని సైటు తెరిస్తే అక్కడ నా ప్రశ్నా లేదు, మీ జవాబూ లేదు." ఫ్లాస్కును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నేను అడిగానా లేదా అమ్మా? నాకు మతిగాని పోయిందా?"

అక్కకి ఒక్క క్షణం చెల్లెలు కళ్ళ ముందు మెదిలింది. ఏం చెప్తే ఏమవుతుందో కూడా మెదిలింది. ఆ జవాబు బయటపడితే చెల్లెలు పోలీసుల ముందు నిలబడాలి. బయటపడకపోతే ఈవిడ ఆ ఇంట్లో బతికినన్నాళ్ళూ తలదించుకోవాలి. ఏ వస్తువు విషయంలోనైనా లోపల చూసింది ఒకటి, బయట చెప్పింది ఒకటి అని ఎన్నడూ లేని మనిషి తను. మనుషుల విషయంలో ఆ లెక్క మారుతుందా?

"మీకు మతి పోలేదు తల్లీ," అంది. "మీరు అడిగారు. జవాబొచ్చింది. అది నేను రాసింది కాదు. కానీ నా పేరు మీదే వచ్చింది. ఇప్పుడే చూశాను. మీ కళ్ళతో మీరు చూద్దురుగాని, రండి."

ఆవిడ దుప్పటినీ ఫ్లాస్కునీ బల్ల మీద పెట్టేసి, పసిపిల్లలా అక్క వెనకే మెట్లెక్కింది. వెక్కిళ్ళు ఆపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్కకి ఆ రోజు మొదటిసారి గుండె బరువు కాస్త తగ్గింది. ఏమైతే అదయింది, ఈవిడైనా ఇంటికి తలెత్తుకుని వెళ్తుంది.

చెల్లెలు కుర్చీలోనే ఉంది. ఏడుపు ఆగిపోయింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కిటికీకి కట్టిన దుప్పటి వైపు చూస్తోంది. వచ్చినవాళ్ళ వైపు తిరగలేదు.

అక్క స్క్రీను వైపు వంగింది. అదే పేజీ తెరిచి ఉంది, అదే చెత్తబుట్ట. అందులో ప్రశ్న లేదు, జవాబు లేదు. 'ఇక్కడ ఏమీ లేదు' అని ఒక వరుస మాత్రం కనబడింది.

"ఏదమ్మా?" అంది వెనక నుంచి ఆవిడ.